ఊరంతా ఒకే చార్జర్



మా బంట్వారంలో ఒకప్పుడు ఎవరైనా ఫోను కొన్నారంటే "ఏ కంపెనీ?" అని అడిగేవాళ్లు లేరు. "ఏ నోకియా?" అనే అడిగేవాళ్లు. ఎలెవెన్ హండ్రెడా, సిక్స్‌టీన్ హండ్రెడా, కెమెరా ఉన్నదా, పాటలొచ్చేదా, ఈ తేడాలన్నీ ఆ ఒక్క పేరు లోపలే ఉండేవి.

నాకు చిన్నప్పటి నుంచి ఎలక్ట్రానిక్ వస్తువులంటే మహా ఇష్టం. కొత్త ఫోను ఎవరి చేతిలో కనబడినా ఒకసారి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడందే మనసు నిలవదు. ఆ ఇష్టంలో పెద్ద వాటా నోకియాదే, దాచుకోవాల్సిన పనేమీ లేదు. ఇప్పటి కుర్రవాళ్లలో యాపిల్ అంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు, శామ్‌సంగ్ తప్ప ఇంకోటి ముట్టనివాళ్లున్నారు. వాళ్లని చూసి 'పేరు పిచ్చి' అని ఒక్క మాటతో కొట్టిపారేసే పెద్దలూ ఉన్నారు. ఒక మనిషి విషయంలో అది నిజం కావచ్చు. కానీ ఒక ప్రాంతం ప్రాంతమంతా ఒకే కంపెనీని నమ్ముకున్నదంటే దాని వెనక ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయం. మా ప్రాంతంలో ఆ లెక్క ఎలా కుదిరిందో, తర్వాత ఎక్కడ తప్పిందో ఇవాళ చెబుతాను.

బంట్వారం ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. రంగారెడ్డి జిల్లా అంటే అందరికీ హైదరాబాదు చుట్టూ ఉన్న ఊళ్లే గుర్తొస్తాయి గానీ మేం ఆ జిల్లాకు కొసన, కర్ణాటక వైపు ఉన్నవాళ్లం. కంది, పత్తి, జొన్న, శనగ మా పంటలు. ఆఫీసు పని పడితే వికారాబాదు పోతాం, బేరం పని పడితే తాండూరు పోతాం. తాండూరు కందిపప్పు పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాండూరుకు రెండో పేరు నాపరాయి. చుట్టూ గనులు, రోడ్డు పొడవునా పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. చెట్ల ఆకుల మీద కూడా బూడిద రంగు దుమ్మే.

మన దేశంలో తొలి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న నడిచింది. కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ మాట నడిచింది నోకియా ఫోనులోనే. కానీ అది పట్నం ముచ్చట, పైగా డబ్బున్నవాళ్ల ముచ్చట. పల్లెకు ఫోను వచ్చింది 2003 తర్వాత. ఆ ఏడాది దేశంలో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. ఆ ఏడాది చివర్లోనే నోకియా 1100 వచ్చింది. ఫోను జేబులో ఉంచుకోవడానికి ఖర్చు లేదని తేలడం, ఉంచుకోదగిన ఫోను రావడం ఒకేసారి జరిగాయి.

1100 గురించి కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. ఆ ఫోను ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాంట్లో కెమెరా లేదు, రంగుల తెర లేదు, పాటలు రావు. ఉన్నదల్లా పైన చిన్న లైటు. 'సి' అని రాసిన బటన్ నొక్కి పట్టుకుంటే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వెలుగుతూనే ఉంటుంది. ఈ లైటు విలువ తెలియాలంటే ఆ రోజుల్లో వ్యవసాయ కరెంటు ఎలా వచ్చేదో తెలియాలి.

అప్పట్లో బావుల కరెంటు విడతల వారీగా ఇచ్చేవాళ్లు. పగలొక విడత, రాత్రొక విడత. రాత్రి విడత ఏ పదకొండింటికో, రెండింటికో వచ్చేది. మడి ఎండిపోకుండా ఉండాలంటే ఆ వేళకు లేచి బావి దగ్గరికి పోవాల్సిందే. గట్టు మీద పాము ఉందో తేలు ఉందో తెలియదు. స్టార్టరు డబ్బా మూత తీస్తే లోపల తేమ, ఎక్కడో ఒక తెగిన వైరు. ఒక చేతిలో పార ఉంటే రెండో చేతిలో టార్చిలైటు పట్టుకోవాలి, ఆ టార్చిలో సెల్లులు ఎప్పుడు అయిపోతాయో తెలియదు. అట్లాంటి మనిషికి రొమ్ము జేబులో ఎప్పుడూ ఉండే ఫోనులోనే లైటు దొరికింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పొలం ఉన్నవాడు కరెంటు రాగానే ఒక రింగు ఇచ్చి కట్ చేసేవాడు. ఆ రింగు అందుకున్నవాడు ఇంకొకరికి ఇచ్చేవాడు. పైసా ఖర్చు లేకుండా వాడంతా లేచి కూర్చునేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ రాత్రి నడకలు తగ్గాయి గానీ, అప్పటికి దాదాపు పదిహేనేళ్ల పాటు ఆ చిన్న లైటు ఎంతమంది కాళ్లకు దారి చూపిందో చెప్పలేం. ఫోను కొనడానికి తాండూరు పోయిన రైతులు దుకాణంలో మాట్లాడి చూసేవారు కాదు, లైటు వేసి చూసేవారు.

ఇక దుమ్ము. నాపరాయి గనిలో బండలు లేపే మనిషి, పాలిషింగ్ యూనిట్లో రాయి కోసే మనిషి రోజంతా పిండిలాంటి దుమ్ములోనే ఉంటాడు. వేరే ఫోన్లలో బటన్లు విడివిడిగా ఉండేవి. వాటి మధ్య సందులోంచి ఆ పిండి లోపలికి దిగి, చెమటతో తడిసి, నాలుగు నెలలకే బటన్లు బిగుసుకుపోయేవి. 1100 ముందు భాగం చూడండి, బటన్లన్నీ ఒకే రబ్బరు పొర. సందు లేదు, దుమ్ము దూరే దారి లేదు. పక్కల గరుకు రబ్బరు, చెమట చేతికి జారదు. సాయంత్రం తడిగుడ్డతో ఒక తుడుపు తుడిస్తే సరిపోయేది.

ఫిన్లాండు మంచుదేశం. అక్కడ నోకియా అనేది ఒక ఊరి పేరు. ఫ్రెడ్రిక్ ఇడెస్టామ్ అనే ఇంజినీరు 1865లో కాగితపు గుజ్జు మిల్లుతో మొదలుపెట్టిన వ్యాపారం తర్వాత రబ్బరు బూట్లు, కేబుళ్లు చేసి చేసి చివరికి ఫోన్లలోకి వచ్చింది. అట్లాంటి దేశపు కంపెనీకి మా దుమ్ము సంగతి, మా చీకటి సంగతి ఎట్లా తెలిసింది? ఇది నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. తర్వాత చదివి తెలుసుకున్నాను. జాన్ చిప్‌చేజ్ లాంటి పరిశోధకులను ఆ కంపెనీ భారతదేశానికి, ఆఫ్రికా దేశాలకు పంపేది. జనం ఫోను ఎక్కడ పెట్టుకుంటారు, ఎవరితో పంచుకుంటారు, చదువు రానివాళ్లు నంబరు ఎట్లా వెతుక్కుంటారు అన్నవి వాళ్లు దగ్గరుండి చూసేవాళ్లు. 2007లో వచ్చిన నోకియా 1200, 1208 ఫోన్లలో ఆ చూపు కనబడుతుంది. ఒకే ఫోనులో ఐదు దాకా వేర్వేరు ఫోన్‌బుక్కులు పెట్టుకోవచ్చు. ఇంట్లో తండ్రి నంబర్లు వేరు, కోడలి పుట్టింటి నంబర్లు వేరు, కాలేజీ పిల్లవాడి దోస్తుల నంబర్లు వేరు. ఎంతసేపు మాట్లాడితే ఎంత ఖర్చయిందో చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇల్లంతటికీ ఒకే ఫోను ఉన్న కుటుంబం ఉంటుందని, ఆ ఒక్క ఫోను దగ్గర మాటా మాటా రాకుండా ఉండాలని ఎక్కడో కూర్చున్న ఇంజినీరు తలచుకున్నాడు. అభిమానం పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2009లో నోకియా లైఫ్ టూల్స్ అని ఇంకొకటి తెచ్చారు. నెలకు కొంత డబ్బు కడితే పంటల ధరలు, వాతావరణం, ఇంగ్లిషు పాఠాలు మెసేజీలుగా వచ్చేవి. ఇంటర్నెట్ అక్కర్లేదు. అది ఎక్కువకాలం నిలవలేదు. మార్కెట్ ధర తెలిసినంత మాత్రాన రైతు బేరం పెరగదు, నిల్వ చేసుకునే గోదాము, అప్పు ఇచ్చిన దళారిని కాదని వేరేచోట అమ్ముకునే స్వేచ్ఛ కూడా ఉండాలి. అయినా ఫోను కంపెనీ కంది ధర గురించి ఆలోచించిన రోజు ఒకటుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నోకియా ఫోను మంచిది కాబట్టి కొన్నాం, అది మొదటి మెట్టు. ఊళ్లో అందరి దగ్గరా అదే ఉండడం వల్ల అది ఇంకా మంచిదయింది. దీన్ని పట్నంలో ఉన్నవాళ్లు అంతగా గమనించరు.

చార్జర్ సంగతే తీసుకోండి. మొదట లావు పిన్ను, తర్వాత సన్న పిన్ను. ఈ రెండు చార్జర్లు ఉంటే బంట్వారంలో ఏ ఇంటికి పోయినా ఫోనుకు లోటు లేదు. హోటల్లో, కిరాణా కొట్లో, మంగలి షాపులో, గుడి దగ్గర, ఎక్కడ చూసినా గోడకు ఒక నోకియా చార్జరు వేలాడుతూ ఉండేది. పెళ్లికి పక్క ఊరు పోతే చార్జరు తీసుకుపోయే అలవాటే లేదు. బ్యాటరీ కూడా అంతే. బీఎల్-5సీ అనే బ్యాటరీ 1100లో పట్టేది, 1600లో పట్టేది, ఇంకా ఎన్నో ఫోన్లలో పట్టేది. చార్జింగ్ అయిపోయినవాడు పక్కవాడి బ్యాటరీ తీసి వేసుకుని, అర్జంటు మాట మాట్లాడి, తిరిగి ఇచ్చేసేవాడు. వెనక మూత గోటితో తెరుచుకునేది. ఆ బ్యాటరీ ఎంత వ్యాపించిందంటే ఫోన్లు పోయినా అది పోలేదు. చేలో పని చేసుకుంటూ పెట్టుకునే చిన్న చైనా రేడియోలు, పాటల డబ్బాలు చాలావాటిలో ఇప్పటికీ అదే కొలత బ్యాటరీ. ఈ ప్రసంగం మీరు అట్లాంటి చిన్న రేడియోలో వింటూ ఉంటే, వెనక మూత తీసి చూడండి. బీఎల్-5సీ అని రాసి ఉండవచ్చు.

అదే బ్యాటరీ 2007 ఆగస్టులో పెద్ద గొడవ తెచ్చింది. మత్సుషితా అనే జపాన్ కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా చేసిన బ్యాటరీలలో కొన్ని చార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కుతున్నాయని తేలింది. నోకియా తానే ప్రకటన చేసి, 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఆ కోవలోకి వస్తాయని, అడిగినవాళ్లకు ఉచితంగా మార్చి ఇస్తామని చెప్పింది. టీవీలు 'ఫోన్లు పేలుతున్నాయి' అని ఊదరగొట్టాయి. మా వాళ్లు బ్యాటరీలు తీసి, దాని వెనక ఉన్న 26 అక్షరాల గుర్తును ఇంగ్లిషు వచ్చిన పిల్లల చేత చదివించుకుని, మార్పించుకునే తిప్పలు పడ్డారు. ఆ తర్వాత మళ్లీ నోకియానే కొన్నారు. తప్పు ఒప్పుకుని డబ్బు ఖర్చు పెట్టిన కంపెనీ మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తరగదు.

మెనూ సంగతి ఇంకా ముఖ్యం. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. అక్షరం ముక్క రాదు. ఫోనులో రెండో అంకె నొక్కి పట్టుకుంటే పుణెలో పనికి పోయిన పెద్దకొడుకు, మూడో అంకె నొక్కి పట్టుకుంటే అల్లుడు, నాలుగో అంకెకు ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు. ఎవరో పిల్లలు ఆమెకు అట్లా పెట్టి ఇచ్చారు. తాళం తీయడం కూడా చేతికి అలవాటు చేసుకుంది: మధ్య బటను, ఆ తర్వాత స్టారు. ఫోను పాతబడి ఇంకొకటి కొన్నా అది నోకియానే కాబట్టి ఆ వేళ్ల చదువు వృథా పోలేదు. పిల్లలెవరూ ఇంట్లో లేనప్పుడు ఏదైనా తిరకాసు వస్తే వీధిలోకి ఫోను పట్టుకొచ్చి, "ఇదేందో చూడు బిడ్డా" అంటే దారిన పోయే ఎవరైనా సరిచేసి ఇచ్చేవాళ్లు, ఎందుకంటే అందరికీ ఆ మెనూ కంఠస్థం. ఏ కంపెనీ కస్టమర్ కేరూ అంత దగ్గర్లో ఉండదు.

తాండూరులో రిపేరు దుకాణాలదీ ఇదే కథ. ఒక అద్దాల పెట్టె, దాని వెనక ఒక కుర్రవాడు, ఒక సోల్డరింగ్ ఐరన్, బ్లోయర్, థిన్నర్ సీసా, పాత టూత్‌బ్రష్షు, ఆరు కోణాల స్క్రూడ్రైవరు. నీళ్లలో పడ్డ ఫోనును నాలుగు స్క్రూలు తీసి విప్పి, బోర్డును థిన్నరుతో కడిగి, బ్లోయరుతో ఆరబెట్టి, మళ్లీ బిగించేవాడు. మైకు, స్పీకరు, రింగరు, డిస్‌ప్లే, చార్జింగ్ పిన్ను, ఇవన్నీ హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ నుంచి వచ్చేవి. ఒక ఫోనులో తీసిన సామాను ఇంకో ఫోనుకు పనికొచ్చేది. రోజూ అదే రకం బోర్డు చూసీ చూసీ ఆ కుర్రవాళ్ల చెయ్యి ఎంత తిరిగిందంటే, ఫోను ఆన్ చేయగానే తెర మీద వచ్చే మాటను బట్టే ఏ ముక్క పోయిందో చెప్పేవాళ్లు. పదో తరగతి తప్పిన పిల్లలు ఎంతోమంది ఆ పనితో ఇల్లు నడిపారు. జాతరలో గాజుల పక్కన నోకియా ప్యానెళ్లు అమ్మేవాళ్లు. ఎర్రది, నీలంది, పువ్వులది. పాత ఫోనుకు కొత్త బట్ట కట్టినట్టు మార్చుకునేవారు.

ఒక ఊరంతా ఒకే రకం కంది వేసిందనుకోండి. విత్తనం పక్కింట్లో దొరుకుతుంది, మందు ఏది కొట్టాలో అందరికీ తెలుసు, కొనే బేరగాడు ఊళ్లోకే వస్తాడు. అంతా లాభమే. ఎండు తెగులు వచ్చిన ఏడు మాత్రం ఊరు ఊరంతా ఒకేసారి మునుగుతుంది. నోకియా విషయంలో మాకు జరిగింది అచ్చంగా ఇదే.

ఆ తెగులు ఎక్కడ మొదలైందంటే నేను రెండు సిమ్‌ల దగ్గర అంటాను. మా చేలలో ఒక కంపెనీ సిగ్నల్ వస్తే ఇంట్లో ఇంకొకటి వచ్చేది. బీఎస్‌ఎన్‌ఎల్ ఒకచోట, ఎయిర్‌టెల్ ఒకచోట. ఒకదాంట్లో రాత్రి మాటలు చౌక, ఇంకోదాంట్లో మెసేజీలు చౌక. రెండు సిమ్‌లు పట్టే ఫోను కావాలని జనం అడుగుతుంటే మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా లాంటి దేశీ పేర్లతో చైనా తయారీ ఫోన్లు వచ్చి పడ్డాయి. మైక్రోమ్యాక్స్ అయితే ఒకసారి చార్జింగ్ పెడితే నెల రోజులు వస్తుందని చెప్పి ఒక ఫోను అమ్మింది. నోకియా తొలి రెండు సిమ్‌ల ఫోను, సీ1-00, 2010లో గానీ రాలేదు. వచ్చినా అందులో ఒకసారికి ఒక సిమ్మే పని చేసేది. ఊళ్లలోకి మనుషులను పంపి అంత చూసిన కంపెనీ ఇంత చిన్న విషయాన్ని ఎందుకు పట్టించుకోలేదో నాకు ఇప్పటికీ బాధే.

ఆ తర్వాతి కథ పెద్ద కంపెనీల కథ, త్వరగా చెప్పేస్తాను. 1998 నుంచి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న నోకియా టచ్‌ఫోన్ల కాలంలో వెనకబడింది. 2011 ఫిబ్రవరిలో కొత్త అధిపతి స్టీఫెన్ ఈలప్, మనం మంటలంటుకున్న చమురు వేదిక మీద నిలబడి ఉన్నామని సిబ్బందికి ఉత్తరం రాసి, సొంత సాఫ్ట్‌వేర్ సింబియన్‌ను పక్కనపెట్టి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపాడు. లూమియా ఫోన్లు వచ్చాయి. 2013లో వచ్చిన లూమియా 520 నాకు ఇప్పటికీ ఇష్టమైన వస్తువు. తక్కువ ధర ఫోను అయినా వేలు పెడితే తడబడకుండా నడిచేది. కానీ జనానికి కావాల్సిన యాప్‌లు అందులోకి రాలేదు. యాప్‌లు లేక జనం రాలేదు, జనం లేక యాప్‌లు రాలేదు.

2013 సెప్టెంబరులో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2014 ఏప్రిల్‌లో కొనుగోలు పూర్తయింది. ఈ రెండింటి నడుమ, 2014 ఫిబ్రవరిలో, మన హైదరాబాదులో పుట్టి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. ఆ కొనుగోలు వద్దని తాను ముందే అభిప్రాయం చెప్పినట్టు 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. 2015 జూలైలో ఆ కొనుగోలు మీద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసి, 7,800 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. వ్యాపారం లెక్కలో ఆయన చేసింది సరైందేనని నేను ఒప్పుకుంటాను, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఎదిగిన తీరు అందరూ చూశారు. అయినా నోకియా అభిమానిగా ఆ వార్త చదివిన రోజు మనసుకు కష్టమే అయింది. మన పక్కనే, తమిళనాడు శ్రీపెరుంబుదూరులో 2006లో తెరిచిన నోకియా ఫ్యాక్టరీ పన్ను తగాదా వల్ల ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరు 1 నుంచి అక్కడ తయారీ ఆగిపోయింది. వేల మంది, అందులో చాలామంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మా చేతుల్లోకి వచ్చిన ఫోన్లలో ఎన్నో ఆ పిల్లల చేతుల మీదుగా వచ్చినవే.

చివరి దెబ్బ వాట్సాప్ తీసింది. పాత సింబియన్ నోకియాలకు 2017 జూన్ 30తో, చిన్న ఎస్40 ఫోన్లకు 2018 డిసెంబరు 31తో, లూమియా లాంటి విండోస్ ఫోన్లకు 2019 డిసెంబరు 31తో అది ఆగిపోయింది. ఫోను బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, కానీ అమెరికాలో ఉన్న మనవడి ఫొటో రాదు. పెద్దమ్మకు టచ్‌ఫోను కొనిచ్చారు. ఆమె వేళ్ల చదువు ఆ రోజుతో పనికిరాకుండా పోయింది. కొత్త ఫోనులో ఒక్కో కంపెనీకి ఒక్కో రకం మెనూ, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ గుర్తులు జాగా మారిపోతాయి. వీధిలోకి పట్టుకొచ్చి అడిగితే, "నాది వేరే కంపెనీ, నాకు తెలియదు పెద్దమ్మా" అనే జవాబే వస్తుంది. తాండూరు రిపేరు కుర్రవాళ్లలో చాలామంది ఇప్పుడు గ్లాసులు అంటించడం, కవర్లు అమ్మడం, రీచార్జి చేయడం వరకే చేస్తున్నారు. జిగురుతో అంటించిన ఫోను విప్పాలంటే అద్దం పగులుతుందని భయం. సామాను దొరకదు, దొరికినా సగం ఫోను ధర.

యాపిల్ అభిమానులతో నాకు తగాదా లేదు. వాళ్లు చెప్పే మాట, ఫోను, కంప్యూటరు, చేతి గడియారం ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయన్న మాట, నిజమే. ఆ కంపెనీ 2016లో హైదరాబాదులో మ్యాప్‌ల కోసం ఆఫీసు తెరిచింది. మా పాత జిల్లాలోనే, కొంగరకలాన్‌లో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. యాపిల్ చెవి ఫోన్లు అక్కడ తయారవుతున్నాయి. అయితే 2018 ఫిబ్రవరిలో మన జ్ఞ అక్షరానికి గుణింతం పెట్టిన ఒక రూపం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయిన సంగతి గుర్తుందా? ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. లోకమంతటికీ తగిలింది కాబట్టి అంత వేగం. తెలుగు రాసేవాళ్లకు మాత్రమే తగిలే లోపాలు ఎన్నేళ్లు పడి ఉంటాయో తెలుగులో టైపు చేసేవాళ్లను అడగండి. అభిమాని అనేవాడు ఇట్లాంటి చోట గట్టిగా అడగాలి. నేను నోకియాను రెండు సిమ్‌ల సంగతి అడిగినట్టే అడగాలి. డబ్బు పెట్టి కొన్నాక, పక్కవాళ్లతో కొనిపించాక, అడిగే హక్కు మనది.

ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. యూరప్ దేశాల కూటమి 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లన్నింటికీ టైప్-సీ చార్జరే ఉండాలని చట్టం చేసింది. యాపిల్ కూడా 2023లో ఐఫోన్ 15తో ఆ దారికే వచ్చింది. ఆ ఒత్తిడి ఫలితం బంట్వారం దాకా వచ్చింది. హోటల్ గోడకు ఇప్పుడు మళ్లీ ఒకే చార్జరు వేలాడుతోంది. అప్పుడు ఒక కంపెనీ వల్ల కుదిరింది, ఇప్పుడు చట్టం వల్ల, కంపెనీల మధ్య ఒప్పందం వల్ల కుదిరింది. ఇదే మేలైన పద్ధతి అని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఒక కంపెనీ పడిపోయినా ఈ చార్జరు పనికిరాకుండా పోదు. బ్యాటరీ విషయంలో కూడా యూరప్ చట్టం 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాడే మార్చుకునే వీలుండాలంటోంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ఒకటి పెట్టింది. కంపెనీలు తమ విడిభాగాలు, సర్వీసు వివరాలు అందులో ఉంచాలి. అది చట్టంగా మారి తాండూరు దుకాణం దాకా సామాను రావాలి.

నోకియా పేరుతో 2016 డిసెంబరు నుంచి ఫోన్లు చేస్తూ వచ్చిన హెచ్‌ఎండీ అనే ఫిన్లాండు కంపెనీ 2023లో జీ22 అనే టచ్‌ఫోను తెచ్చింది. వెనక మూత ఇంట్లోనే తీసుకోవచ్చు. బ్యాటరీ, డిస్‌ప్లే, చార్జింగ్ పోర్టు మనమే మార్చుకోవచ్చు, విడిభాగాలు ఐదేళ్లు అమ్ముతామని మాట ఇచ్చారు. ఆ వార్త చూసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. 1100 చేసినవాళ్ల బుద్ధి ఎక్కడో ఇంకా బతికే ఉంది.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా నన్ను ఏ ఫోను కొనాలని అడిగితే కంపెనీ పేరు చెప్పను. మీ వీధిలో, మీ ఇంట్లో ఎక్కువమంది దగ్గర ఏది ఉందో ముందు చూడమంటాను, ముఖ్యంగా కొనేది పెద్దవాళ్ల కోసమైతే. నేర్పేవాళ్లు పక్కనే ఉంటారు. తాండూరులోనో వికారాబాదులోనో రిపేరు దుకాణానికి పోయి, దీని డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత అని కొనకముందే అడగమంటాను. తెలుగులో మెనూ పెట్టి చూడమంటాను. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో డబ్బా మీదనో, దుకాణంలోనో కనుక్కోమంటాను.

పాత నోకియాలు ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. 1100 లాంటి ఫోన్లు 2జీ సిగ్నల్ మీద నడుస్తాయి. జియో సిమ్ వాటిలో పని చేయదు. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి సిమ్ వేస్తే మా వైపు ఇప్పటికీ మాట్లాడుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని చార్జింగ్ పెట్టకండి, పొడవకండి, చెత్తలో వేసి కాల్చకండి. రిపేరు దుకాణంలో ఇచ్చి కొత్తది వేసుకోండి. ఫోనులోనే మిగిలిపోయిన నంబర్లుంటే ముందు సిమ్ మీదికి కాపీ చేసుకోండి, లేదా పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించి పెట్టుకోండి. 1100లో మెసేజీలు 50 వరకే పడతాయి. ఇంట్లో లేనివాళ్లు పంపిన మెసేజీలు అందులో ఉంటే అవీ రాయించుకోండి.